పదిహేడు మీటర్ల అవతల ఇల్లు

కూర్మారావు విజయనగరంలో సగం కార్లకి దారి చూపించే పెట్టెలు బిగించాడు గానీ, తనకి మాత్రం కారు నడపడం రాదు. సీటు కవర్లు, స్టీరియోలు, వెనక్కి చూసే కెమెరాలు అమ్మే డెకార్స్ షాపు యజమాని స్టీరింగు ముందు కూర్చుంటే చెమటలు కక్కుతాడంటే కొత్తవాళ్ళు నమ్మేవారు కాదు. పాతవాళ్ళకి అందులో వింతేమీ లేదు. "కూర్మారావుకి డ్రైవింగెందుకు, వరహాలుంది కదా" అనేవారు.

వరహాలు అతని భార్య, మేనత్త కూతురు కూడాను. ఊళ్ళో ఆడవాళ్ళకి డ్రైవింగు నేర్పేది. పక్క సీటు కింద కూడా బ్రేకూ క్లచ్చూ అమర్చిన తెల్లకారులో కూర్చుని, "ముందు అద్దం సూడమ్మా, కొంగు తర్వాత సద్దుకుందువు గాని" అని గదమాయిస్తూ ఇరవై రెండేళ్ళలో ఎన్ని వందలమందిని రోడ్డెక్కించిందో ఆమెకే తెలియదు. పిల్లలు లేరు. పొద్దున్న మొగుణ్ణి షాపు దగ్గర దింపేది, సాయంత్రం ఎక్కించుకునేది. నీకూ నేర్పుతాను రా బావా అంటే కూర్మారావు "వచ్చే నెల" అనేవాడు. ఆ నెల ఇరవై రెండేళ్ళుగా రాలేదు.

ఆ ఏడు వేసవిలో వరహాలుకి మెదడువాపు జ్వరం వచ్చింది. పదకొండు రోజులు ఆసుపత్రిలో మృత్యువుతో పెనుగులాడి బయటపడింది. మాట పోలేదు. మనుషుల్ని మరిచిపోలేదు. కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి. పోయింది ఒక్కటే, తానెక్కడుందో తెలియడం. మెదడులో చోట్లని గుర్తుపెట్టుకునే భాగం దెబ్బతిందని డాక్టరు చెప్పాడు. వంటింట్లోంచి పడగ్గదికి వెళ్ళాలంటే ఇంట్లో ఉన్న నాలుగు తలుపులూ తెరిచి చూసుకోవలసి వచ్చేది.

"ఏ తలుపు తీసినా కొత్తగుంటాది బావా" అనేది నవ్వుతూ. ఆ నవ్వు వారం రోజులుంది.

కూర్మారావుకి తెలిసిన మందు ఒకటే. షాపులో ఉన్న పెట్టెలు ఒక్కొక్కటే తెచ్చి ఆమె కారుకి బిగించి చూశాడు. పెద్ద తెర ఉన్నది ఒకటి. తెలుగులో మాట్లాడేది ఒకటి. ఫోను సిగ్నలు అందని అరకు ఘాటులో కూడా ఉపగ్రహాల్ని వదలనిది ఇంకొకటి. అయిదో పెట్టె బిగించిన రోజు తానూ పక్కన కూర్చున్నాడు. "రెండు వందల మీటర్ల తర్వాత ఎడమవైపు తిరగండి" అంది పెట్టె. వరహాలు తిరిగింది. ఆమె చేతులకి మరుపన్నది లేదు. అలా బైపాసు ఎక్కాక, ఉన్నట్టుండి నడిరోడ్డు మీద కారు ఆపేసింది.

"ఎందుకాపేవు? పక్కకి తియ్యి వరాలూ!"

"అది తిప్పమన్నకాడల్లా తిప్పుతున్నాను. కానీ నానెక్కడున్నానో నాకు తెల్దు బావా. ముందు సూత్తే ఊరు లేదు, ఎనక్కి సూత్తే ఊరు లేదు. బయ్యమేత్తంది."

వెనక లారీలు బారులు తీరాయి. ఆమె స్టీరింగు వదిలి మొహం కప్పుకుంది. కూర్మారావు దిగి అవతలి వైపుకి వెళ్ళి తలుపు తీశాడు. తీసి ఏం చెయ్యాలో తెలియక అలాగే నిలబడ్డాడు. చివరికి ఎవరో లారీ డ్రైవరు తిట్టుకుంటూ వచ్చి కారు పక్కకి తీసి వెళ్ళాడు. ఆ తిట్లకి కూర్మారావు బాధపడలేదు. "వచ్చే నెల" అని అన్నిసార్లు అన్నందుకు తనని తాను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

నీరజాక్షి సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పన్నెండేళ్ళ కిందట వరహాలు దగ్గర డ్రైవింగు నేర్చుకున్న పిల్ల. ఇప్పుడు విశాఖలో, సముద్రం కనిపించే కొండ మీద ఒక ల్యాబులో శాస్త్రవేత్త. వరహాలుని అక్కా అంటుంది, కూర్మారావుని బావగారూ అంటుంది.

వెతుక్కుంటూ వెళ్ళిన అతనికి నీరజాక్షి ఒక ఎలకని చూపించింది. పెద్ద బల్ల మీద ఇసుక పోసి, గోడలు కట్టి, ఒక మూల గూడు పెట్టారు. మెదడులో చోట్లని పట్టుకునే భాగం తీసేసిన ఎలక అది. ఇసుకలో వదిలితే గోడకీ గోడకీ కొట్టుకుంది. నీరజాక్షి దాని చెవి వెనక బియ్యపుగింజంత బిళ్ళ అంటించి మళ్ళీ వదిలింది. ఎలక ఒక్క క్షణం ఆగి, తల తిప్పి, తిన్నగా గూటికి నడిచి వెళ్ళిపోయింది. ఇంకో మూల నుంచి వదిలినా అంతే.

"ఇది మాట్లాడదు బావగారూ. కారులో ఉండే పెట్టె ఉపగ్రహాల నుంచి తానెక్కడుందో తెలుసుకుని, ఇల్లు ఎటుందో చెవి వెనక బిళ్ళకి చెబుతుంది. బిళ్ళ అటువైపు నరాన్ని కొంచెం లాగుతుంది. నలభై రోజులు గడిచేసరికి మెదడు ఆ లాగుడుని తనదే అనుకుంటుంది."

"మండలం రోజులన్నమాట. మనుషులకెవరికైనా పెట్టేరా?"

"ముగ్గురికి. బాగానే ఉన్నారు." ఒక క్షణం ఆగింది. "ఇంకో ఏడాది చూసి ఇవ్వాలి అసలు. కానీ అక్క అలా ఉంటే నేను చూడలేను."

అంతవరకూ వెయ్యి పెట్టెలు అమ్మినవాడు, ఎవరికేది నప్పుతుందో చూడగానే చెప్పేవాడు, ఆ రోజు పెళ్ళాం కోసం ఏ బేరమూ ఆడకుండా, ఇంకే ప్రశ్నా వెయ్యకుండా ఒక పెట్టెని ఎంచుకున్నాడు. అతను బయల్దేరే ముందు నీరజాక్షి రెండుసార్లు చెప్పింది. "పైన అంటించిన పొర తియ్యగానే పెట్టె పని మొదలుపెడుతుంది. మొదటి రోజంతా ఎక్కడుంటే దాన్నే ఇల్లు అనుకుంటుంది. ఇంట్లో పెట్టి, అప్పుడే పొర తియ్యండి." కూర్మారావు తలూపాడు. పెట్టెలు బిగించడం తనకి ఒకరు చెప్పాలా అనుకున్నాడు పాపం.

ఇంటికొచ్చి పంచాంగం తీశాడు. బిగించేటప్పుడు తీగలు కలిపే మెకానిక్కు దొరికేది గురువారం. గురువారం అమావాస్య. మంచి ఘడియ చూస్తే బుధవారం పొద్దున్న ఎనిమిదీ నలభైకి ఉంది. ఇలాంటి చిక్కు వస్తే అతని తండ్రీ, తాతా ఏం చేశారో అతనూ అదే చేశాడు. మంచి ఘడియలో బయల్దేరలేనివాళ్ళు, ప్రయాణం సామానులో ఏదో ఒకటి ఆ వేళకి పొరుగింట్లో పెట్టి వస్తారు. అక్కడితో బయల్దేరినట్టే లెక్క. దాన్ని ప్రస్థానం అంటారు. బుధవారం ఎనిమిదీ నలభైకి కూర్మారావు పెట్టె తీసి, షాపులో ప్రతి వస్తువుకీ చేసినట్టే పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టబోయాడు. ప్లాస్టిక్ పొర మీద బొట్టు నిలవలేదు. పొర పీకేసి పెట్టాడు. ఒక ఆకుపచ్చ దీపం వెలిగింది. శుభం అనుకుని, దాన్ని పట్టుకెళ్ళి ఎదురింట్లో సన్యాసిరావు మేస్టారి ముందుగదిలో బల్ల మీద పెట్టాడు.

"జాగర్త మేస్టారూ, రేపు పట్టుకెల్తాను."

"ఉండనీరా కూర్మా, అదేమైనా అన్నమడుగుద్దా ఏటి" అన్నాడు మేస్టారు.

గురువారం పెట్టె కారులోకి ఎక్కింది, బిళ్ళ వరహాలు చెవి వెనకకి ఎక్కింది. మూడోవారానికి ఆమె ఒక్కతే అనకాపల్లి వెళ్ళి, బెల్లం దిమ్మ కొనుక్కుని తిరిగొచ్చింది. కారు దిగుతూనే చిన్నపిల్లలా గెంతింది.

"బొడ్డుకాడ దారం కట్టి ఎవలో ఇంటికేసి లాగుతున్నట్టుందే బావా! కళ్ళు మూసుకున్నా తెలుత్తంది!"

మళ్ళీ తెల్లకారు రోడ్డెక్కింది. మళ్ళీ ఆడపిల్లలు వచ్చారు. తలుపులు ఇప్పుడు తడుముకోవడం లేదు. ఇంటి ముందు స్థలం లేక కారు ఎప్పుడూ మేస్టారి ప్రహరీ పక్కనే ఆపేవారు కాబట్టి, కారు దిగి ఆమె ముందుగా అటువైపే రెండడుగులు వెయ్యడం ఎవరికీ తప్పుగా తోచలేదు. ఒకటి రెండుసార్లు మేస్టారి గేటు తీసి, నాలిక్కరుచుకుని వెనక్కి వచ్చింది. ముగ్గురూ నవ్వుకున్నారు.

నలభై రోజులు దాటాక నవ్వులాట ఆగింది. వరహాలు తన ఇంట్లో కుర్చీ అంచు మీద కూర్చోవడం మొదలుపెట్టింది. మంచినీళ్ళు కావాలంటే వంటింట్లోకి వెళ్ళకుండా మొగుణ్ణి అడిగేది. తన చీరలు బీరువాలోంచి తీసి సంచిలో పెట్టుకుని, సంచి గుమ్మం పక్కన ఉంచేది. ఒక మధ్యాహ్నం అన్నం తిన్నాక చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, పరాయి ఇంటికి చుట్టపు చూపుగా వచ్చినదానిలా నిలబడింది.

"మరి ఎల్లొత్తాను బావా. పొద్దోతే కట్టం. ఇంటికెల్లిపోవాలి."

కూర్మారావు నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. "ఇదే కదే మనిల్లు" అన్నాడు. ఆమె ఇబ్బందిగా నవ్వింది. అతన్ని నొప్పించడం ఇష్టం లేక ఊరుకున్నట్టు నవ్వింది. అది అతను తట్టుకోలేకపోయాడు.

మర్నాడే అతను పెట్టె ఊడదీసి విశాఖ పట్టుకెళ్ళాడు. ల్యాబులో నీరజాక్షి అందులోని అంకెలు తీసి, పై నుంచి తీసిన ఫోటో మీద వేసి చూపించింది. వాళ్ళ వీధి, వాళ్ళ ఇల్లు, వీధికి అవతల ఒక ఎర్ర చుక్క.

"ఇల్లు పదిహేడు మీటర్లు పక్కకి పడింది బావగారూ. ఇలా ఎలా జరిగింది? ఉపగ్రహాలు ఇంత తప్పు చెప్పవే."

ఉపగ్రహాలు తప్పు చెప్పలేదు. ఎర్ర చుక్క మేస్టారి ముందుగదిలో, బల్ల ఉన్న చోట పడింది. కూర్మారావు కుర్చీలో కూలబడి, బుధవారం ఎనిమిదీ నలభై సంగతి చెప్పాడు. చెప్పినంతసేపూ తల ఎత్తలేదు. నీరజాక్షి కోప్పడితే బాగుండుననుకున్నాడు. ఆమె కోప్పడలేదు.

"నాదీ తప్పే. ఎక్కడ పొర తీశారని ఒక్కసారి ఫోను చేసి అడిగి ఉండాల్సింది. దారి ఒక్కటే చూపిస్తుంది అనుకున్నాను నేను. ఇల్లంటే ఉండే ఆ ధీమా కూడా దాని వెంటే పోతుందని తెలియలేదు."

"మార్చు తల్లీ. మల్లా మొదలెట్టు. మా ఇంట్లోనే పెడతాను, పంచాంగం తగలబెట్టేత్తాను."

నీరజాక్షి అతన్ని ఇంకో బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ ఒక ఎలకకి రెండోసారి గూడు మార్చి చూశారు. అది గోడ వెంబడి తిరుగుతోంది. పాత గూడు ముందు ఆగింది, వెళ్ళలేదు. కొత్త గూడు ముందు ఆగింది, వెళ్ళలేదు. మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది. మూడు రోజులుగా తిండి ముట్టలేదని ఆమె మెల్లగా చెప్పింది.

"పోనీ తీసేత్తే?"

"తీసేస్తే అక్కకి ఇక ఏ ఇల్లూ ఉండదు. జ్వరం తర్వాత ఆమెలో మిగిలిన ఆ కొంచెం తెలివిడి కూడా ఇప్పుడు బిళ్ళ మీదే ఆనుకుని ఎండిపోయింది. ప్రతి గుమ్మం, ప్రతిసారీ, మొదటిసారే."

బస్సులో ఇంటికొస్తూ కూర్మారావు ఒక ఉపాయం ఆలోచించాడు. మేస్టారి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. భార్య పోయాక మేస్టారు ఒంటరిగానే ఉంటున్నాడు. "దానికింత ఏడుపేటిరా, వచ్చీండి" అని ముందుగది ఇచ్చేశాడు. మంచం, గ్యాసుపొయ్యి, నాలుగు గిన్నెలతో వాళ్ళు పదిహేడు మీటర్లు మారారు. వరహాలు ఆ గదిలోకి అడుగుపెట్టగానే సంచిలోంచి చీరలు తీసి కొక్కేలకి తగిలించింది. రెండు నెలల తర్వాత మొదటిసారి కాళ్ళు చాపుకుని కూర్చుంది. కూర్మారావుకి మాత్రం ఆ గదిలో ఊపిరాడేది కాదు. కిటికీలోంచి తన తండ్రి కట్టిన ఇల్లు, దానికి తాను వేసిన తాళం కనబడేవి.

"ఎదురింటోల్లు తాళమేసుకుని ఎక్కడికెల్లేరో, ఎన్నాళ్ళకీ రారేటి" అంది ఒకరోజు వరహాలు. అతను పెరట్లోకి పోయి ఏడ్చాడు.

అయినా అలాగే గడిచిపోయేది. కానీ మార్గశిరంలో రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు వచ్చి వీధికి అటువైపు గోడలన్నింటి మీదా ఎర్రరంగుతో గీతలు గీశారు. మేస్టారి ఇల్లు పూర్తిగా పోతుంది. కూర్మారావు ఇల్లు ఉంటుంది. ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఈ ఇంటి బదులు మా ఇల్లు కొట్టుకోండని అర్జీ రాసిచ్చాడు. గుమాస్తా అది రెండుసార్లు చదివి, ఇతనికి మతి చలించిందేమోనన్నట్టు చూసి, మంచినీళ్ళు తాగమన్నాడు. మేస్టారు సామాను కట్టుకుని బొబ్బిలిలో చెల్లెలింటికి వెళ్ళిపోయాడు.

కూల్చిన రోజు కూర్మారావు వరహాలుని నీరజాక్షి దగ్గర ఉంచాడు. మర్నాడు మిట్టమధ్యాహ్నం షాపులో ఉండగా ఎవరో పరుగెత్తుకొచ్చి పిలిచారు. పరుగున వెళ్ళాడు. రాళ్ళూ పెచ్చులూ కుప్పలు పోసిన చోట, ముందుగది ఉండిన చోట, వరహాలు చాప పరుచుకుని కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తెల్లకారు అడ్డంగా ఆగి ఉంది. అందులో పక్క సీటులో నేర్చుకోవడానికి వచ్చిన అమ్మాయి బిగుసుకుపోయి ఉంది. విశాఖ నుంచి తనే నడుపుకుంటూ వచ్చిందట, దారిలో ఆ అమ్మాయిని ఎక్కించుకుందట. గోడలు కూల్చే పొక్లెయిను వెనక్కి వస్తోంది. దాని డ్రైవరుకి ఆమె కనబడదు.

కూర్మారావు అరుచుకుంటూ వెళ్ళి ఆమెని రెండు చేతులా పట్టి ఈడ్చాడు. పొక్లెయిను చాప మీదుగా పోయింది. చిక్కుడుకాయలు నుజ్జయ్యాయి.

"నన్నెక్కడికి ఈడుత్తున్నావు? మా ఇల్లు ఇదే! వదులు బావా, మా ఇల్లు ఇదే!"

ఆమె అతని చెయ్యి కొరికింది. వీధి వీధంతా చూసింది. అతను వదల్లేదు.

ఆ సాయంత్రం, తాళం తీసిన తమ ఇంటి అరుగు మీద కూర్చుని, ఇన్నాళ్ళూ దాచిన మాట చెప్పేశాడు. బుధవారం సంగతి, పొర సంగతి, ఎలకల సంగతి, అంతా. వరహాలు అతని వైపు తిరిగింది.

"బొట్టెట్టేవా దానికి?"

"ఎట్టేను."

"నాకు మంచి జరగాలనే ఎట్టేవు కదా." చీర కొంగుతో అతని చేతి మీద పంటిగాటు తుడిచింది. "కార్లో ఆ పిల్లుంది బావా. ఇరవై రెండేళ్ళలో నా కార్లో ఎవలికీ గోరంత గీత పళ్ళేదు. లేని ఇల్లు లాగుతుంటే ఆ పిల్లని తీసుకెల్లి మిసను కింద పెట్టేను. తీసేద్దారి."

"తీసేత్తే ఏ ఇల్లూ ఉండదంటంది నీరజ."

"సెప్పింది, నిన్న నాకూ సెప్పింది. ఇంట్లో తియ్యొద్దు. మైదానానికి పోదారి. కారు నువ్వు తోలు."

"నాకు రాదు కదే."

"వచ్చే నెల వచ్చింది బావా" అంది వరహాలు.

పొద్దున్నే, ఆమె దగ్గర నేర్చుకున్న ఒకావిడ కారు మైదానంలో పెట్టి వెళ్ళింది. కూర్మారావు స్టీరింగు ముందు కూర్చున్నాడు. వరహాలు తన పాత చోట్లో, బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చుంది. బిళ్ళతో పాటు నీరజాక్షి ఇచ్చిన దూది, మందు తీసి, నువ్వు చెయ్యి వెయ్యకని చెప్పి, చెవి వెనక బిళ్ళ తానే ఊడదీసుకుంది.

ఆమె కళ్ళు ఏదో వెతికాయి. కిటికీలోంచి బయటికి చూసి, ఇంకో కిటికీలోంచి చూసి, చివరికి అతని మొహం మీద ఆగాయి.

"ఎక్కడున్నాం బావా?"

"మైదానంలో."

"ఏ మైదానం? మనిల్లెటు?" ఆమె మళ్ళీ కిటికీ కేసి తిరిగింది. "ఎటూ లేదు బావా. ఎటూ లేదు."

ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. కూర్మారావు తాళంచెవి తిప్పాడు. కారు ఒక గెంతు గెంతి ఆగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి కదిలింది. మైదానం గోడ మీదికి వస్తుంటే అతను స్టీరింగు గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. కారు ఆగింది. బ్రేకు అతను తొక్కలేదు.

"గోడ కనబడతంటే కళ్ళు మూత్తావేటి?" అంది వరహాలు. చెంపల మీద నీళ్ళు కారుతూనే ఉన్నాయి. "క్లచ్చి తొక్కు. అద్దం సూడు. ఇప్పుడు మెల్లిగా."

రెండు కిలోమీటర్లు రావడానికి గంటన్నర పట్టింది. వీధి ఇప్పుడు వెడల్పయింది. మేస్టారి ముందుగది ఉండిన చోట రాళ్ళు ఎత్తి నేల చదును చేస్తున్నారు. వరహాలు అటు తల తిప్పలేదు, తిప్పించేది ఏదీ ఆమెలో మిగల్లేదు. కూర్మారావు కారు వంకరగా ఆపి, దిగి, ఆమె చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా నడిపించాడు. ఆమె గడప ఇవతల ఆగి, చెప్పులు విడిచి, లోపలికి తొంగి చూసింది.

"ఎవలిల్లు బావా ఇది?"

"మనదే."

"లోపలికి రావచ్చా?"

బతికినన్నాళ్ళూ ఈ మాటకి రోజూ జవాబు చెప్పుకుంటూ ఉండాలని కూర్మారావుకి అప్పుడు పూర్తిగా అర్థమైంది. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఇదే గడప ముందు, పెళ్ళిచీరతో నిలబడ్డ కోడలితో తన తల్లి అన్న మాటే అతని నోట వచ్చింది.

"కుడికాలెట్టి రా అమ్మా."

వరహాలు కుడికాలు లోపల పెట్టింది. ముందుగది దాటింది. పటాల కేసి, కుర్చీల కేసి, గోడ మీద తమ ఇద్దరి పెళ్ళిఫోటో కేసి చూసుకుంటూ నడిచి, వంటింటి గుమ్మం దగ్గర మళ్ళీ ఆగింది.

"ఇదెవలిల్లు బావా?"